మా మామ గొంతుకు కరెంటు

మొన్న మా పక్కింటాయన ఆసుపత్రి కాగితాలు నలుపుకుంటూ వచ్చి, "అన్నా, గొంతుకు కరెంటు పెట్టల్లంట. పెడితే మనిషి మాడిపోతాడంటాండారు, నిజమేనా?" అని అడిగాడు. అచ్చం ఇదే మాట ఒకప్పుడు మా మేనమామ నోట విన్నాను. పక్కింటాయన్ని కూర్చోబెట్టి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మామ సంగతంతా చెప్పేశాను.

పామిడి చుట్టుపక్కల ఎద్దుల బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా మైకు మా మామదే. వానల్లేక వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా ఆయన గొంతు ఎండేది కాదు. ఇంట్లో మజ్జిగ అడిగినా వీధి చివరికి వినిపించేది. "నేనేమన్నా ఎద్దునా, అట్ల అరుస్తావు?" అని అత్త చెవులు మూసుకునేది. అలాంటి గొంతు ఒక ఎండాకాలం బొంగురుపోయింది. దుమ్మన్నాడు, బీడీ అన్నాడు, మిరియాల కషాయం తాగాడు. ఎన్నాళ్లకూ తగ్గకపోయేసరికి మా ఊరి డాక్టరు గట్టిగా చెప్పి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ గొంతులో చిన్న కేన్సరు గడ్డ బయటపడింది. రేడియేషన్ ఇవ్వాలన్నారు. మా వైపు దాన్ని అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. మామ బిగుసుకుపోయాడు.

"గొంతు కాలిపోయినంక నేను బతికి ఏం జేయల్ల మేడమ్?"

"కరెంటు కాదప్పా, కిరణాలు," అంది డాక్టరమ్మ. "ఎక్స్‌రే తీసినప్పుడు నొప్పి తెలిసిందా? పెట్టేటప్పుడు ఇదీ అంతే. పోను పోను గొంతు మండుతుంది, మింగడం కష్టమవుతుంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వచ్చినావు. మాట దక్కే ఆశ బాగా ఉండాది."

మామ అత్త మొహం చూశాడు. "పెట్టించుకో, నేనుండాను గదా," అంది అత్త.

తల కదలకుండా మొహానికి వలలాంటి ముసుగు బిగించి బల్లకు కట్టారట. మొదటిరోజు బయటికొచ్చి, "ఎద్దుకు చిక్కం కట్టినట్ల కట్టినార్రా అల్లుడా! అంతే, ఇంగేమీ తెలీల్యా!" అన్నాడు. తర్వాత మంట నిజంగానే వచ్చింది. మాట పూర్తిగా పోయింది. అత్త చల్లని రాగి అంబలి చెంచాతో పోస్తుంటే కళ్లతోనే కసురుకునేవాడు. చికిత్స ముగిశాక కూడా చాలాకాలం ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. అరుపులు లేక అత్తకు నిద్ర పట్టేది కాదు.

ఆ మరుసటి ఏడు పోటీల్లో మామ మైకు పట్టుకున్నాడు. మొదట బొంగురుగా ఒక మాట. దగ్గాడు. ఎద్దులు బండను కదిలించాయి. "ఆఁ... కదిలె! కదిలె!" అని మామ గొంతు విచ్చుకుంది! జనం ఈలలు, కేకలు. అత్త నా చెయ్యి పట్టుకుని గెంతింది, ఆ వయసులో! జత గీత దాటగానే మామ ఆగకుండా అందుకున్నాడు: "ఇంటాండారా అప్పా! గొంతు వారాల తరబడి బొంగురుపోతే కషాయాలతో కూచోవద్దండి, డాక్టరుకు సూపించుకోండి! రేడియేషనంటే మాడ్చేది కాదు. నేనే సాచ్చెం!"

ఆ సాయంత్రం ఆయన చుట్టూ ఎద్దుల చుట్టూ ఉన్నంత జనం. ఒకడు ముసుగు గురించి, ఒకామె తన చెల్లెలి రొమ్ముగడ్డ గురించి అడిగారు. మా ఊరి డాక్టరైతే, "భయపడేవాళ్లను నీ దగ్గరికి పంపుతా," అన్నాడు. పంపాడు కూడా.

పక్కింటాయన విని లేచి, "రేపే పోతా అన్నా," అన్నాడు. ఎప్పటికీ తెల్లారవనుకున్న ఆ రోజులన్నీ, చెప్పబోతే ఒక కాఫీ చల్లారేంత సేపే పట్టింది.