తగిలితే చెయ్యెత్తాలి

ఆళ్లగడ్డ బడిలో ఫెన్సింగ్ మొదలుపెడతానని చెప్పినప్పుడు మా హెడ్మాస్టరు చాలా సంతోషించాడు. "మంచి పనప్పా. ముందు వెనకపక్క వేయించు. ఆడ గోడ పడిపోయి గొర్రెలు వస్తాండాయి" అన్నాడు. ఆయన అనుకున్నది ముళ్లకంచె. నేను చేతిలోని గొడుగు ముందుకు చాచి, ఒక కాలు ముందుకేసి, మోకాళ్లు వంచి చూపించాను. ఆయన కాసేపు నన్నూ గొడుగునూ మార్చి మార్చి చూసి, పిల్లలకెవరికీ కళ్లు పోవు గదా అని మాత్రం అడిగాడు.

నేను ఆ బడిలో డ్రిల్లు మాస్టర్ని. ఇల్లు నంద్యాలలో, రోజూ బస్సులో పోయి వస్తాను. ఒక వేసవి సెలవుల్లో శిక్షణకు పోయి ఈ కత్తి ఆట నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే ఎక్కువ చెప్పినట్టే. పిల్లలకంటే రెండు నెలలు ముందున్నానంతే. వస్తూ నాలుగు పాత కత్తులు, రెండు మాస్కులు, రెండు మందపాటి తెల్లకోట్లు తెచ్చుకున్నాను. కత్తి అంటే కోసేది కాదు. సన్నగా వంగే ఇనుప బద్ద, దాని కొసన బొడిపె. ఎదుటివాళ్ల ఛాతీకో పొట్టకో ఆ కొస తగిలిస్తే ఒక పాయింటు.

చేరిన ఎనిమిది మందిలో ఒక ఏడో తరగతి పిల్ల ఉండేది. వాళ్ల నాయన రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. ఆయనే స్వయంగా తీసుకొచ్చి వదిలాడు. ఇంట్లో ఉంటే ఉలులు దాచేస్తుందట, వీధిలోకి పోతే ఎవరినో ఒకరిని కొట్టి వస్తుందట. ఎట్లాగూ కొట్టేదే కాబట్టి పద్ధతిగా కొట్టడం నేర్పమని ఆయన కోరిక.

మొదటి నెల నేను ఎవరికీ కత్తి ఇవ్వలేదు. మోకాళ్లు వంచి రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి, అంతే. కత్తి నేర్పిస్తానని చెప్పి పిల్లల్ని ఎండ్రకాయల్లా నడిపిస్తున్నావేమని ఇద్దరు తల్లులు వచ్చి అడిగిపోయారు. కత్తి చేతికొచ్చాక మా శిల్పి కూతురు గట్టిగా కళ్లు మూసుకుని మీద పడేది. ఎదుటివాళ్లు చెయ్యి చాచి నిలబడితే చాలు, తానే వచ్చి కొసకు గుద్దుకునేది. పదిసార్లు గుద్దుకున్నాక ఆగి చూడటం మొదలుపెట్టింది. అంతకు ముందు ఆగమని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఒక్కసారీ వినలేదు.

తగిలిందీ లేనిదీ దీపం వెలిగించి చెప్పే యంత్రం మాకు లేదు. అందుకని తగిలినవాళ్లే చెయ్యెత్తి ఒప్పుకోవాలన్నాను. మొదటి వారం ఒక్క చెయ్యీ లేవలేదు. ఎనిమిది మందికీ ఎవరి కత్తీ తగలడం లేదు. ఇట్లా కాదని నేనే కోటు తొడుక్కుని ఆ పిల్లతో ఆడటానికి దిగాను. మిగతావాళ్లు చుట్టూ కూచున్నారు. రెండో నిమిషంలో ఆమె కత్తి నా పొట్టకు సరిగ్గా నడిమధ్యన తగిలి విల్లులా వంగింది. అందరూ చూశారు. నేను మాత్రం ఏమీ కానట్టు ఆడుతూ పోయాను. ఎందుకట్లా చేశానో ఇప్పటికీ చెప్పలేను. అంత చిన్నపిల్ల చేతిలో దెబ్బ తినడం ఇష్టం లేకపోయిందేమో.

ఆ పిల్ల ఆగి, మాస్కు తీసి, "సార్, తగిలింది" అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను చెయ్యెత్తాను. మాస్కు లోపల నా మొహం కనబడనందుకు సంతోషించాను. మరుసటి రోజు నుంచి పిల్లల చేతులూ లేవడం మొదలైంది.

అది మైదానంలోనే ఆగలేదు. తన కుర్చీ కాలు విరగ్గొట్టిందెవరని లెక్కల టీచరు అడిగితే నా పిల్లలు ముగ్గురు చేతులెత్తారట. దాన్ని విరిచింది ఒక్కడే. మిగతా ఇద్దరూ అంతకు ముందు వేరే కుర్చీలు విరిచినవాళ్లు. అడగనివి కూడా చెప్పేస్తున్నారని ఆమె నా మీద ఫిర్యాదు చేసింది.

ఒక సాయంత్రం శిల్పి బడికి వచ్చాడు. ఉయ్యాలవాడ నుంచి మనుషులు విగ్రహం తీసుకుపోవడానికి వచ్చారట. చెక్కేటప్పుడు విరిగిన విగ్రహం కాలివేలును ఆయన రాతిపొడి, జిగురు కలిపి అతికించాడు. చూస్తే తెలియదు. ఆయన వాళ్లకు విగ్రహం గొప్పతనం వివరిస్తున్నంతసేపూ కూతురు పక్కన నిలబడి ఆ వేలినే చూస్తూ ఉందట. చివరికి ఆయనే చెప్పేశాడు. వాళ్లు కోప్పడకుండా, కొత్తది చెక్కమని గడువిచ్చి, టీ తాగి పోయారట. "మళ్లా మొదటి నుంచి చెక్కుతాండా సార్. నువ్వు కత్తి నేర్పిస్తాండావనుకుంటి" అన్నాడు. తిట్టడానికి వచ్చాడో మరెందుకు వచ్చాడో నాకు అర్థం కాలేదు. పోతూ పోతూ పోటీలెప్పుడని అడిగాడు.

పోటీలు నంద్యాలలో జరిగాయి. చిన్నపిల్లల ఆటలకు నలుగురు పెద్దవాళ్లు చుట్టూ నిలబడి కళ్లతో చూసి తగిలిందో లేదో చెప్పేవాళ్లు. మా పిల్ల నాలుగు పాయింట్లు, ఎదుటి పిల్ల నాలుగు. ఐదోది ఎవరిదైతే వాళ్లు గెలిచినట్టు. ఇద్దరూ ఒకేసారి దూకారు. మా పిల్ల కత్తి పక్కకు జారింది. అవతలి కత్తి ఈమె పక్కటెముకల దగ్గర తాకింది. నేనున్న వైపు నుంచి నాకు కనబడింది, ఆ నలుగురికీ కనబడలేదు. రెఫరీ ఆడమన్నాడు. ఈమె కదలకుండా నిలబడి చెయ్యెత్తింది. ఆ చెయ్యి దించితే బాగుండునని నాకు అనిపించింది. నేర్పినవాణ్ణి నేనే.

ఓడిపోయింది. అవతలి పిల్లతో చెయ్యి కలిపి వచ్చి, చాలాసేపు మాస్కు తియ్యకుండా కూచుంది. తీసేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

వాళ్ల నాయన పక్కన కూచుని, "ఎవరూ చూడలేదు గదమ్మా, ఎందుకు చెప్తివి?" అన్నాడు.

"తగిలింది నాకు గదా నాయనా. వాళ్లకెట్ల తెలుస్తుంది?"

బస్టాండు దగ్గర హోటల్లో ఆ పిల్ల రెండు దోసెలు తిని మూడోది అడిగింది. ఇద్దర్నీ ఆళ్లగడ్డ బస్సెక్కించి వెనక్కి తిరగబోతుంటే ఆయన కిటికీలోంచి నన్ను పిలిచాడు. దూకేటప్పుడు ఎడమకాలు తొందరగా రాలేదని, అది కొంచెం చూడమని చెప్పాడు. మరుసటి రోజు చూస్తే నిజమే. ఇన్నాళ్లూ నేను గమనించలేదు.

ఇప్పుడు ఇరవై మంది దాకా పిల్లలున్నారు. శనివారాలు శిల్పి రాతిపొడి అంటిన బట్టలతోనే వచ్చి మెట్ల మీద కూచుంటాడు. ఎవరి అడుగు వంకరగా పడుతోందో నాకంటే ముందు చెప్తాడు. ఈ ఆట వల్ల లాభమేమని కొత్త తల్లులు అడిగితే, పిల్లలు నిలకడగా నిలబడతారు, ఓడినా చెయ్యి కలుపుతారు అని నేను పెద్ద ఉపన్యాసం మొదలుపెడతాను. ఆయన మధ్యలోనే అందుకుని, "ముందు పిల్లను వదిలిపోమ్మా, నీకే తెలుస్తుంది" అంటాడు.