ఫైన్ రికార్డింగ్‌లో పడిన అమ్మ దగ్గు

బీరువా సర్దుతుంటే అన్నయ్య పాత ఎంపీత్రీ ప్లేయర్ దొరికింది. అగ్గిపెట్టెంత ఉండి ఒక్క సన్న బ్యాటరీతో నడిచేది, గుర్తుందా? అందులో మాటలూ రికార్డు చేసుకోవచ్చు. ‘ఫైన్’లో పెడితే గొంతు శుభ్రంగా పడేది కానీ మెమొరీ ఇట్టే నిండిపోయేది. ‘లాంగ్’లో గంటలకొద్దీ పట్టేది కానీ గొంతు బిందెలోంచి వచ్చినట్టుండేది.

తేడా చూద్దామని, నల్లపాడులో మా వసారాలో మిరపకాయల ముచ్చికలు తీస్తున్న అమ్మ చేత ఒకే జోలపాట రెండుసార్లు పాడించాం. ఫైన్‌లో ఎండుకాయల గలగల కూడా పడింది. మధ్యలో ఘాటెక్కి అమ్మ దగ్గింది, నవ్వింది, “ఎందాకా పాడానే?” అని నన్నడిగింది. లాంగ్‌లో మాత్రం దగ్గు బిగబట్టుకుని చివరిదాకా పాడింది.

రెండూ విని సిగ్గుపడిపోయింది. “ఆ దగ్గేంట్రా, అసయ్యంగా! తీసెయ్.”

“క్వాలిటీ అంటే అదేనమ్మా!” అని అన్నయ్య మొత్తుకుంటూనే ఉన్నాడు. సినిమా పాటలకు చోటు కావాలని ఫైన్‌లో ఉన్నదాన్ని నేనే చెరిపేశాను.

ఇవాళ బ్యాటరీ వేసి విన్నాను. పాట మొత్తం ఉంది, ఒక్క తప్పు లేదు. ఆ నవ్వు లేదు. ఎందాకా పాడానే అని నన్నడగడం లేదు.

ఇంతలో వంటింట్లోంచి అమ్మ కేకేసింది. “పచ్చడికి తిరగమోత వేస్తున్నా, తలుపు దగ్గరికెయ్యవే, ఘాటొస్తుంది.”

తలుపు వెయ్యలేదు. ఫోన్లో రికార్డింగ్ నొక్కి పొయ్యి పక్కన పెట్టాను.

“ఏం చేస్తున్నావే?”

“ఏం లేదమ్మా. ఆ జోలపాట ఒకసారి పాడు. ఇంకో రెండు ఎండుమిరపకాయలు వెయ్యి.”