మా చెల్లెలి ఏడు కిలోలు

పొద్దున్నే నడకకు పోయే ఆడవాళ్ళంటే నాకు చిన్నచూపు. నడక మీద కోపం లేదు, నడిచి వచ్చాక వాళ్ళు చెప్పే మాటలే భరించలేను. "ఇయ్యాల మూడొందలు కరగదీసిన" అంటుంది ఒకామె. ఏం కరిగిందమ్మా అని అడిగితే తన ఒళ్ళు చూపించదు, చేతికున్న గడియారం చూపిస్తుంది. ఆ తర్వాత అందరూ కలిసి సర్వీసు రోడ్డు మీది బండి దగ్గర నిలబడి తలా రెండు మిర్చి బజ్జీలు తింటారు. కరగదీశారు కదా, మళ్ళీ నింపుకోవాలి.

నాకు ఈ లెక్క ఏ ఫోనూ నేర్పలేదు. మంఖాల్ పక్కన మాకు ఇరవై ఆరేళ్ళు కోళ్ళ షెడ్డు ఉండేది. కోళ్ళను చూసుకోవడం మా ఆయన పని, తూకం నా పని. షాద్‌నగర్ నుంచి దాణా వస్తే బస్తా బస్తా తూచి దింపించేదాన్ని, కోళ్ళు పోయేటప్పుడు మళ్ళీ తూచేదాన్ని. కిలో కోడి తయారు కావాలంటే కిలోన్నర పైచిలుకు దాణా దాని కడుపులో పడాలి. అంతకంటే ఎక్కువ ఖర్చయితే తొట్టి కారుతోందనో, ఎలుకలు పడ్డాయనో అర్థం. కోడి సాకులు చెప్పదు. "నేను ముట్టనే లేదక్కా" అనదు.

మా ఆయన పోయాక షెడ్డు తీసేసి శంషాబాద్‌లో ఒక ఇంటి పైభాగం కిరాయికి తీసుకున్నాను. రెండేళ్ళకు చెల్లెలి భర్త కూడా పోవడంతో ఆమె నా దగ్గరికే వచ్చింది. ఇంట్లో ఇద్దరమే మనుషులం, ఒకటే పొయ్యి.

పోయిన జూన్‌లో ఆమె బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. దగ్గితే బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. దవాఖానకు తీసుకెళ్ళాను. సర్జన్ వేళ్ళతో నొక్కి చూసి హెర్నియా అన్నాడు, ఆపరేషన్ చేయాలన్నాడు, కానీ ఇప్పుడు చేయనన్నాడు.

"ఎనభై ఒక్క కిలోలున్నారమ్మా. ఇంత కొవ్వు మీద కుట్లు నిలవవు, మళ్ళీ చీలుతుంది. ఏడు కిలోలు తగ్గి రండి, అప్పుడు చేద్దాం. ఈలోగా ఉబ్బు గట్టిపడినా, వాంతులైనా ఆలస్యం చేయకండి. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది."

ఎలా తగ్గాలో మాత్రం చెప్పలేదు. "తిండి తగ్గించండి, నడవండి" అని తలుపు వైపు చూశాడు. అంతమాత్రం చెప్పడానికి గోడ మీద అన్ని పట్టాలు ఎందుకో నాకు తెలియదు.

తగ్గించే పని చెల్లెలి కూతురు నెత్తికెత్తుకుంది. విమానాశ్రయంలో ఉద్యోగం చేస్తుంది, అన్నింటికీ ఫోన్ తీస్తుంది. తల్లి చేతికి ఒక గడియారం కట్టి, ఆమె వయసు, ఎత్తు, బరువు ఫోన్లో ఎక్కించింది. రోజంతా ఎలా గడుపుతారని ఫోన్ అడిగితే "చురుగ్గా తిరిగే మనిషి" అని నొక్కింది.

"చురుగ్గానా? ఎవరు?" అన్నాను.

"అమ్మ రోజూ నడుస్తది గద పెద్దమ్మా. అది లెక్కల రావాలె."

"అక్కకు నా మీద ఎప్పుడూ డౌటే" అంది చెల్లెలు, కుర్చీలోంచి లేవకుండానే.

ఫోన్ లెక్క ఇది: ఆమె రోజుకు పంతొమ్మిది వందల యాభై క్యాలరీలు ఖర్చు చేస్తుందట. అందులో ఐదు వందలు తగ్గించి పద్నాలుగు వందల యాభై తినాలట. వారానికి అరకిలో చొప్పున దిగిపోతుందట.

మొదటి వారంలోనే కిలోన్నర దిగింది. ఇంట్లో పండగ. కూతురు సంబరంతో గిన్నె నిండా ఖుబానీ కా మీఠా పట్టుకొచ్చింది. బరువు తగ్గినందుకు మిఠాయి తినే జాతిని ఏమనాలి? నేను ముట్టుకోలేదు. షెడ్డు నుంచి లారీ ఎక్కిన కోడి ఊరు చేరేసరికి బరువు తగ్గుతుంది. దాని మాంసం ఎక్కడికీ పోదు. కడుపులోది పోతుంది, నీళ్ళు పోతాయి, అంతే. ఆ మాట చెబితే, "మా అమ్మను కోడితో పోలుస్తున్నవా పెద్దమ్మా?" అని కూతురు మూతి ముడిచింది.

రెండో వారం బరువు తూచే యంత్రం ముల్లు కదల్లేదు. మూడో వారం కొంచెం ఎక్కింది. నాలుగో వారం చివర ఎనభై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. ఆ నెల రోజులూ మా చెల్లెలు రోజూ గంటసేపు నడిచిన మాట నిజం. నడిచి వచ్చి ఫోన్ చూసుకునేది.

"అక్కా, ఇంక మూడొందల ఇరవై మిగిలినయ్."

"ఏం మిగిలినయ్?"

"క్యాలరీలే. నడిచి సంపాయించిన. ఇయ్యాల తినొచ్చు."

"తినకపోతే ఏమైతది?"

"మిగిలినయ్ ఏం జేయాలె మరి? పారబోయాల్నా?"

మా ఇళ్ళలో పుట్టి పెరిగిన ఆడదాని బుద్ధి అది. అన్నం మిగిలితే పారబోయకూడదు, కూర మిగిలితే గిన్నె తుడిచి తినాలి. ఫోన్లో మిగిలిన అంకెను కూడా గిన్నె అడుగున మిగిలిన అన్నంలాగే చూసింది, తుడిచి తినేసేది. సాయంత్రానికి అంకె సున్నా అయితే ఇల్లు సర్దుకున్నంత తృప్తి.

శనివారాలు ఇంకా ఘోరం. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. అంటే మధ్యాహ్నం ఒక్కసారే అన్నం. పొద్దున చక్కెర వేసిన చాయ్ మూడుసార్లు. రాత్రి అన్నం లేదు కదా అని మధ్యాహ్నం మామూలు కంటే ఒక గరిటె ఎక్కువ, దాని మీద పెరుగు. రాత్రి ఫలహారం: నెయ్యి పోసిన ఉప్మా, రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు. నేను కూడి చూశాను. ఏ ఉపవాసమూ లేని మంగళవారం కంటే ఉపవాసమున్న శనివారం మూడు వందల క్యాలరీలు ఎక్కువ తింటోంది. దేవుడికి చూపించినా ఒప్పుకోడు.

ఆగస్టు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేస్తూ దండెం దగ్గరే కూర్చుండిపోయింది. ఉబ్బు రాయిలా ఉంది. వాంతయింది. ఆటోలో దవాఖానకు పోతుంటే నా చేయి పట్టుకుని, "అక్కా, గిది లోపలికి పోతలేదే" అంటూనే ఉంది. ప్రతి గతుకుకూ కళ్ళు మూసుకుంది. అక్కడ పడుకోబెట్టి, సూది వేసి, మెల్లగా నొక్కితే అరగంటకు లోపలికి పోయింది. "ఈసారి అదృష్టం" అన్నాడు సర్జన్. "ఇంకోసారి పోకపోతే, ఎంత బరువున్నా అప్పటికప్పుడు కోయాల్సి వస్తుంది. అది మంచిది కాదు."

ఇంటికి వచ్చాక చెల్లెలు గడియారం విప్పి నా ముందు పెట్టింది. "ఇగ నువ్వే చెప్పు" అంది.

అప్పుడు ఫోన్ లెక్కను మొదటి నుంచి విప్పాను. కోడి తినే దాణాలో ఒక వాటా అది బతకడానికే పోతుంది: ఊపిరికి, ఒంటి వేడికి. ఆ పైన తిన్నదే ఒంటికి పడుతుంది. మనిషికీ అంతే. మా చెల్లెలి వయసుకు, ఎత్తుకు, బరువుకు, వంటింట్లో అటూ ఇటూ తిరిగితే రోజుకు పదిహేను వందల యాభై చాలు. ఫోన్ పంతొమ్మిది వందల యాభై అని ఎందుకంది? "చురుగ్గా తిరిగే మనిషి" అని చెప్పారు కాబట్టి నడకను అప్పుడే కలిపేసుకుంది. మళ్ళీ గడియారం అదే నడకకు మూడు వందల ఇరవై ఇచ్చింది. ఒకే నడకకు రెండుసార్లు కూలి. పైగా గడియారం చూపించేదంతా నడక ఖర్చు కాదు. ఆ గంట సోఫాలో కూర్చున్నా ఖర్చయ్యే అరవై కూడా అందులోనే ఉంది. ఆమె నడిచే నడకకు నిజంగా అదనంగా పోయేది రెండు వందలు. అది కూడా ధారాళంగా చెబుతున్నాను.

అంటే ఖర్చు పదిహేడు వందల యాభై. ఫోన్ తినమన్నది పద్నాలుగు వందల యాభై, దాని మీద మూడు వందల ఇరవై. పదిహేడు వందల డెబ్బై. నెల రోజులు చెమట కార్చి, ఖర్చు పెట్టినదానికంటే రోజుకు ఇరవై ఎక్కువే తింది.

కూతురికి చెబితే, "అది సైంటిఫిక్ పెద్దమ్మా, తప్పు చెప్పదు" అంది.

"నిజమే, తప్పు చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది. అడిగింది నువ్వు."

అయితే ఆ లెక్కన బరువు ఉన్నచోటే ఉండాలి, ఎక్కకూడదు. పోయిన నీళ్ళు తిరిగి వచ్చాయనుకున్నా, శనివారాలు కలుపుకున్నా, ఇంకొంచెం బరువుకు లెక్క తేలలేదు. షెడ్డులో ఇలాంటప్పుడు తొట్టి చూడం, బస్తా చూస్తాం. వంటింట్లో డబ్బాలన్నీ దించి తూచాను. వారం తర్వాత మళ్ళీ తూచాను. పల్లీల డబ్బా పావుకిలో తగ్గింది. నేను పల్లీలు తినను, నా పళ్ళకు ఆనవు.

"గవ్వి తిన్నట్టా?" అంది చెల్లెలు. "పొయ్యి కాడ నిలవడి నాలుగు నోట్లె ఏసుకున్న. కంచంల పెట్టుకొని కూసొని తిన్ననా?"

కూర్చుని కంచంలో తిన్నదే తిండి, నిలబడి తిన్నది లెక్కలోకి రాదు. ఈ నమ్మకం ఆమె ఒక్కదానిది కాదు. సర్వీసు రోడ్డు బజ్జీల బండి మొత్తం దాని మీదే నడుస్తోంది.

పల్లీల డబ్బాకు తాళం వేశాను. ఆమె కంచంలో అన్నం నేనే వడ్డించాను, వడ్డించి ఒక గరిటె తీసేశాను. నడక మానవద్దన్నాను, నడకకు బదులుగా ఏమీ తినవద్దన్నాను. రోజుకు మూడు వందల యాభై లోటు. ఒంటి కొవ్వు కిలో దిగాలంటే ఏడు వేల ఏడు వందలు లోటు పడాలి. కిలోకు ఇరవై రెండు రోజులు.

"ఏడు కిలోలకు ఐదు నెల్లా!" అంది. "ఫోను జల్ది చెప్పింది గద."

"ఫోనుకు కడుపు లేదు."

సెప్టెంబరు మధ్యకు రెండు కిలోలు దిగింది. ఒకరోజు యంత్రం మీదినుంచి దిగి నన్ను చూసి, "నువ్వెక్కు" అంది.

"నాకెందుకు?"

"భయమా?"

ఎక్కాను. అరవై ఒకటిన్నర. జూన్‌లో సరిగ్గా అరవై. నెత్తి మీదుగా విమానం పోతుంటే ఆ మోత తగ్గేదాకా ఆగి మరీ నవ్వింది.

"నా కంచంల తీసిన అన్నం యాడ పోతుందా అనుకున్న. ఇగో, గిక్కడున్నది! పారబోయలేక నువ్వే తింటున్నవ్. నాకేమో క్యాలరీలు పారబోయమని నీతులు."

మరుసటి రోజు నుంచి రెండు గ్లాసుల బియ్యం బదులు ఒకటిన్నర పోశాను. కంచంలో తగ్గించడం తెలివితక్కువ పని, కుండలో తగ్గించాలి. మిగిలితేనే కదా ఎవరో ఒకరు తినేది.

అక్టోబరు, నవంబరు అలాగే గడిచాయి. నడక స్నేహితురాళ్ళు వచ్చి, మొహం పీక్కుపోయింది, మీ అక్క కడుపు మాడుస్తోందా అని పరామర్శించేవాళ్ళు. వాళ్ళెవరూ జూన్ నుంచి వంద గ్రాములు కూడా దిగలేదు.

జనవరి మొదటి సోమవారం దవాఖానకు వెళ్ళాలి. ముందు రోజు ముల్లు డెబ్బై నాలుగు మీద మూడు వందల గ్రాములు. ఆ సాయంత్రం నుంచి మా చెల్లెలు మంచినీళ్ళు మానేసింది. పొద్దున గాజులు తీసి, పల్చటి చీర కట్టి, యంత్రం ఎక్కింది. డెబ్బై మూడు మీద తొమ్మిది వందలు.

"అక్కా, కొట్టేసినం!"

చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాను. "తాగు."

"పిచ్చి లేసిందా? తాగితే మళ్ళ ఎక్కుతది."

"ఎక్కనీ. కుట్లు పడేది నీళ్ళ మీద కాదు, కొవ్వు మీద. నోరెండబెట్టుకుంటే గది కరుగుతదా? సర్జన్‌ను మోసం చేస్తే చీలేది ఆయన పొట్టనా?"

"నేను కోడినా, తూచి తూచి పంపనీకి?"

"కోడివైతే ఇంత మాట్లాడకపోదువు."

నన్ను తిట్టుకుంటూ చెంబు ఖాళీ చేసింది. దవాఖాన యంత్రం డెబ్బై నాలుగు మీద నాలుగు వందలు చూపించింది. చెల్లెలు నా వైపు చూసిన చూపుకు ఇంకొకరైతే కాలిపోయేవారు.

సర్జన్ ఆ కాగితం వంక చూడనైనా చూడలేదు. పొట్ట నొక్కాడు, దగ్గమన్నాడు, మళ్ళీ నొక్కాడు. "బాగా తగ్గారమ్మా. బుధవారం చేసేద్దాం."

"ఏడు కాలేదు" అన్నాను. "ఆరు కిలోల ఆరు వందలే." చెల్లెలు నా తొడ మీద గిల్లింది.

"ఏడంటే లెక్కగా ఏడనా అమ్మా? ఏదో ఒక గుర్తు ఉండాలని చెప్పాను."

ఏదో ఒక గుర్తట. ఐదు నెలలు బియ్యం తూచి, నూనె తూచి, పల్లీలకు తాళం వేసింది ఏదో ఒక గుర్తు కోసమట. నోరు తెరిస్తే బుధవారం పోతుందేమోనని మూసుకున్నాను. ఆటోలో మా చెల్లెలు కొత్తూరు బస్సులు వెళ్ళే రోడ్డు దాకా నవ్వుతూనే ఉంది. "చెప్పినోడే మరిచిండక్కా, నువ్వొక్కదానివే పట్టుకొని కూసున్నవ్!"

బుధవారం ఆపరేషన్ అయింది. ఆదివారం ఇంటికి తెచ్చాను. మంచం మీద ఆనించి కూర్చోబెట్టాక, అలమరలో మూల పడేసిన గడియారం గుర్రుమంది. కూతురు దానికి ఛార్జింగ్ పెట్టిందట. చెల్లెలు అందుకుని చదివింది.

"ఇయ్యాల అసలు కదలలేదు, లేచి జర నడువుమంటుందక్కా."

నవ్వు వచ్చింది ఆమెకు. నవ్వు దగ్గయింది. రెండు చేతులూ పొట్ట మీద అదిమి పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి నన్ను చూస్తూ దగ్గింది. నేను మంచం దగ్గరికి పోయి దుప్పటి తీసి చూశాను. కట్టు కట్టినట్టే ఉంది, ఉబ్బు లేదు. మళ్ళీ దగ్గమన్నాను. తిట్టింది, కానీ దగ్గింది. కుట్లు నిలిచాయి.

పల్లీల డబ్బా తాళం తీసి, గడియారాన్ని అందులో పడేసి, మళ్ళీ తాళం వేశాను.