తొమ్మిదో దింపు

పరదేశిని ఏ ఊరు ఎంత దూరమని అడిగినా మైళ్లలో చెప్పడు, దింపుల్లో చెబుతాడు. కావిడి మోసేవాడు ఒకచోట ఎత్తుకున్న బరువును మళ్లీ ఎక్కడ దింపుతాడో అంతవరకు ఒక దింపు. చోడవరం నుంచి మాడుగులకు ఆరు దింపులు. మాడుగుల దాటి కొండ మొదలయ్యాక లెక్క మళ్లీ ఒకటి నుంచి. అక్కడినుంచి పాడేరుకు పన్నెండు. ముప్పై ఏళ్లు ఉప్పూ బెల్లమూ పైకి, చింతపండూ పసుపూ కిందికి మోసిన మనిషి లెక్క ఇది.

ఈ లెక్కతో నాకు పని పడింది మా మిల్లు యజమాని గణపతిరావు గారి జీపు వల్ల.

యాభై ఆరో సంవత్సరం మాఘమాసంలో ఆయన విశాఖపట్నం వేలంలో ఒక పాత మిలిటరీ జీపు కొన్నారు. జీపు కొన్నాక ఎక్కడికైనా వెళ్లాలి కదా. పట్నంలో ఆయన స్నేహితుడొకాయన మన్నెం కొండల ఫొటోలు తీయించి హాల్లో గోడకు తగిలించాడట. అవి చూసి వచ్చినప్పటి నుంచి ఈయనకు కాలు నిలవలేదు. నిజానికి మా మిల్లు వెనక ధాన్యం ఆరబోసే కళ్లంలో నిలబడితే ఆ కొండలే నీలంగా రోజూ కనబడతాయి. నలభై ఏళ్లుగా ఆయన వాటికి వీపు పెట్టి కూర్చున్నారు. ఫొటోలో చూశాక గాని అవి చూడదగ్గవని తెలియలేదు.

రెండు రోజుల ప్రయాణం అనుకున్నారు. మొదటి రోజు మాడుగుల మీదుగా ఘాటీ ఎక్కి, రిజర్వు ఫారెస్టులోంచి పాడేరు చేరి, బంగళాలో బస. రెండో రోజు తిరుగుదారి. వెళ్లేది గణపతిరావు గారు, తాలూకా ఆఫీసులో రిటైరైన వేంకటరమణమూర్తి పంతులు గారు, డ్రైవరు సత్యారావు, నేను. నేనెందుకంటే, ఎన్ని గంటలకు ఎక్కడుండాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో ముందుగా కాగితం మీద పెట్టడానికి. మిల్లులో గుమాస్తాను. థర్డ్ ఫారంతో బడి మానేసినా, పొట్లం కట్టిన కాగితం కూడా చదవందే పారెయ్యడని నాకు పేరు. మూర్తి గారు తన సర్వే మ్యాపు తెచ్చి ఇచ్చి, "చూసి రాయి. మడతల దగ్గర చింపావో, నీ జీతం చాలదు" అన్నారు.

ఆ మ్యాపు మిల్లు అరుగు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి చూస్తుండగా పరదేశి వచ్చాడు.

అరవైకి దగ్గర పడ్డ మనిషి. కె.కోటపాడు దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక భార్య సన్యాసమ్మ పుట్టినూరని చోడవరం వచ్చి ఉండిపోయాడు. కుడి భుజం మీద కొబ్బరిచిప్ప బోర్లించినంత కాయ కాసి ఉంటుంది. లారీలు కొండెక్కడం మొదలుపెట్టాక కావిడికి పని పోయింది. ఆ వెనకే మోకాళ్లూ పోయాయి. ఇప్పుడు చెరుకు ఆడే రోజుల్లో బెల్లం పెనం దగ్గర కూర్చుని పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తుంటాడు. మాకు చుట్టరికం లేదు. అయినా నేను మావా అంటాను, అతను అల్లుడా అంటాడు.

"జీపు కొండెక్కుతాదంట గదా అల్లుడా?"

"ఎక్కుతాదంతన్నారు. సూడాల."

"నన్ను కూడా ఎక్కించమని బాబుకి సెప్పు."

"నీకేటి పని మావా అక్కడ?"

"తొమ్మిదో దింపు కాడ ఒగ్గీండి, సాలు. నా నేస్తాన్ని సూడాల."

నేస్తం కట్టుకోవడం మా వైపు పాతకాలపు సంగతి. ఇద్దరు మగవాళ్లు గాని ఇద్దరు ఆడవాళ్లు గాని పదిమంది ఎదుట ఒకరికొకరు బట్టలు పెట్టుకుని, ఒకే దొప్పలో నీళ్లు తాగి, అన్నదమ్ముల కంటే ఎక్కువగా ఉంటామని మాట ఇచ్చుకుంటారు. పరదేశి నేస్తం కట్టుకున్నది ఒక కొండ మనిషితో. పాతికేళ్ల కిందట వానాకాలంలో, ఉప్పు కావిడితో తొమ్మిదో దింపు దగ్గరకు వచ్చేసరికి చలిజ్వరం ముంచుకొచ్చి పడిపోయాడట. వెంట వచ్చిన కావిళ్ల వాళ్లు తమ బరువులు తాము ఎత్తుకుని వెళ్లిపోయారు. పోడు నుంచి దిగుతున్న ఒకాయన చూసి ఆగాడు.

"ముందు ఉప్పు మీద అడ్డాకులు కప్పేడు. కప్పి, అప్పుడు నన్నెత్తుకున్నాడు," అన్నాడు పరదేశి. "ముందే నన్నెత్తుకునుంటే వానకి ఉప్పు కరిగిపోయుండును. బతికి లెగిసి ఏటి సేద్దును? అది తెలిసినోడు. అందుకే నేస్తం కట్టేను."

పన్నెండు రోజులు ఇంట్లో ఉంచుకుని, ఏదో చెట్టు బెరడు కషాయం పోసి లేపాడట. ఆనాటి నుంచి ఏటేటా పరదేశి ఆయనకు బెల్లం, కొత్త పంచె పట్టుకెళ్లేవాడు. మోకాళ్లు పోయాక నాలుగేళ్లుగా వెళ్లలేదు.

"దీనికి జీపెందుకు మావా? ఉత్తరం రాసి పడేత్తాను. పేరు సెప్పు."

"నేస్తం."

"అది పిలుపు. పేరేటి?"

"నేస్తం కట్టుకున్నాక పేరెత్తకూడదురా. పేరుండేది. ఆ రోజే ఒగ్గేసేం. అతనూ నన్ను పరదేశనడు."

"మరి ఊరు?"

"తొమ్మిదో దింపు కాడ ఎడం సేతేపు ఎక్కితే నాలుగిళ్లు."

"పోనీ ఎవరిసేతన్నా కబురెట్టు."

"ఏటని ఎట్టాల? పలానా నేస్తానికి పలానా నేస్తం సెప్పమన్నాడనా? ఆ కొండ మీద ప్రెతీవోడూ ఎవుడికో ఒకడికి నేస్తమే!" అని మ్యాపు మూలన జారిన రాయిని సరిగా పెట్టాడు. "నాలుగేళ్లు. సచ్చిపోయేననుకుంటాడు. నేకపోతే అలిగేననుకుంటాడు. సచ్చిపోయేననుకుంటే పర్నేదు."

నేను చదివిన పుస్తకాల్లో స్నేహం గురించి చాలా రాసి ఉంది. పేరు తెలియని స్నేహితుడి గురించి ఎక్కడా లేదు. ఎలాగైనా ఇతన్ని జీపు ఎక్కించాలనుకున్నాను.

ఆ సాయంత్రం మిల్లులో సామాన్ల సంగతి తేల్చారు. ముందు సీట్లో సత్యారావు, గణపతిరావు గారు. వెనక మూర్తి గారు, నేను, రెండు పరుపు చుట్టలు, స్టవ్వు, తినుబండారాల బుట్ట. మిగిలిన ఒక్క మనిషి చోటులో నీళ్ల గుండిగ. గుండిగ మూర్తి గారి పట్టుదల.

"మన్నెం నీళ్లు చుక్క గొంతు దిగిందా, చలిజ్వరమే. దోమలూ గీమలూ అని డాక్టర్లు అంటారు గాని అసలు సంగతి నీళ్లు. గుండిగ లేకపోతే నేను రాను."

పరదేశి గుమ్మంలో నిలబడి తన కోరిక చెప్పుకున్నాడు. గణపతిరావు గారు నవ్వారు. "ఒరే, నిన్నెక్కడ కూకోబెట్టమంటావురా? గుండిగ మీదా?"

"గుండిగ దించీండి బాబూ. దాని సోట నానుంటాను."

"అది నీళ్లిస్తుందోయ్. నువ్వేమిస్తావు?" అన్నారు మూర్తి గారు.

"నాను కూడా నీళ్లే బాబూ. ప్రెతీ దింపు కాడా నీళ్లుంటాయి. నీళ్లు నేని సోట కావిడెవుడు దింపుతాడు?"

"పొద్దున్నుంచి దింపు దింపు అంటున్నావట. ఇదేమైనా దింపుడు కళ్లమటోయ్?"

శవాన్ని మధ్యదారిలో దింపే చోటు పేరు చెప్పగానే అందరూ ఘొల్లున నవ్వారు. పరదేశి కూడా నవ్వాడు.

"అక్కడ దింపినోడు లెగడు పంతులు బాబూ. ఇక్కడ దింపినోడు నీళ్లు తాగి లెగుత్తాడు."

గణపతిరావు గారు "రేపు సూద్దాంలే" అన్నారు. ఆయన రేపు ఎలాంటిదో మిల్లులో అందరికీ తెలుసు.

పరదేశిని అరుగు మీదికి తీసుకెళ్లి దింపులన్నీ వరసగా చెప్పమన్నాను. పాత కావిడి బాటనే వెడల్పు చేసి రోడ్డు వేశారు. చుట్టు తిరిగిన చోట కూడా రోడ్డు మళ్లీ వచ్చి బాటను కలుస్తుంది. అతను కళ్లు మూసుకుని చెబుతుంటే నేను దారం పట్టి కొలిచి పెన్సిలుతో చుక్కలు పెట్టాను. కింద పొలాల మధ్య ఒక దింపు రెండు మైళ్ల పైమాట. కొండ మీద నాలుగో దింపు అరమైలు కూడా లేదు. ఏ రెండూ సమానం కావు. నాకు చిరాకు పుట్టింది.

"ఇదేటి కొలత మావా? ఒకటి బారెడు, ఒకటి బెత్తెడు!"

"బరువు ఒకటే గదా అల్లుడా. దారే మారతాది."

ఆ మాట విని మళ్లీ చుక్కల వైపు చూశాను. అప్పుడు కనిపించింది. కొండ మీది పన్నెండు చుక్కల్లో తొమ్మిది, సన్నటి నీలం గీత రోడ్డును దాటే చోటే పడ్డాయి. మ్యాపులో నీలం గీతంటే గెడ్డ, కొండవాగు. పరదేశికి మ్యాపు తెలియదు, మ్యాపు గీసినవాడికి పరదేశి తెలియదు. మిగిలిన మూడింటి సంగతి అడిగాను.

"అవి గెడ్డలు కావు. రాతి సందులో ఊటలు. మూడో దింపు గెడ్డ ఈ నెల్లో ఎండిపోతాది. నాలుగోది ఎండదు. రాసుకో."

రాసుకున్నాను. పొద్దున్నే ఆ కాగితం యజమానికి కాకుండా సత్యారావుకు చూపించాను. ఘాటీల్లో లారీ తోలి వచ్చినవాడు. కాగితం తిరగేసి మరగేసి చూసి, తిన్నగా గణపతిరావు గారి దగ్గరకు వెళ్లాడు.

"బాబూ, ఈ జీపు రేడియేటరు సంగతి నాకు తెల్సు. ఘాటీలో అరమైలుకోసారి నీళ్లడుగుతాది. ఈ గుండిగ రెండో మలుపుకే కాళీ. ఆ తరవాత పంతులు గారిని పిండి పొయ్యాలా?"

గుండిగ దిగింది, పరదేశి ఎక్కాడు. మూర్తి గారు ఒక మరచెంబు నిండా మా బావి నీళ్లు పట్టించి ఒడిలో పెట్టుకున్నారు.

బయలుదేరేటప్పుడు పరదేశి కొత్త పంచె మడత, రెండు బెల్లం దిమ్మలు, వాటితో పాటు తన కావిడి బద్ద తెచ్చాడు. "జీపులో బద్దెందుకురా, ఇంజను ఆగిపోతే జీపుని మోస్తావా?" అని గణపతిరావు గారు వేళాకోళం చేశారు. అది లేకుండా ఎప్పుడూ కొండెక్కలేదన్నాడు పరదేశి. బద్ద వెనకనుంచి మూరెడు బయటికి పొడుచుకొచ్చి, వడ్డాది దాకా ఎదురొచ్చిన ప్రతి బండి వాడి చేతా తిట్లు తినిపించింది.

ఘాటీ మొదలైన కాసేపటికే జీపు బుస కొట్టింది. "ఇంకో రెండు మలుపులు లాగు బాబూ" అన్నాడు పరదేశి. లాగితే రెండో దింపు. నీళ్లున్నాయి. మూడోది చెప్పినట్టే ఎండిపోయింది. నాలుగోదాంట్లో మోకాలిలోతు. ఆ తర్వాత జీపు తనంత తానే దింపుల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. మనిషి ఊపిరి ఎక్కడ అయిపోయేదో ఇంజను ఊపిరీ అక్కడే అయిపోతున్నది. నేను కాగితం మీద గంటలు రాయడం మానేసి దింపుల ఎదుట టిక్కులు పెట్టాను. ఆరో దింపుకు మూర్తి గారి మరచెంబు ఖాళీ అయింది. ఏడో దింపు ఊట దగ్గర ఆయన ఎవరివైపూ చూడకుండా దోసిలి పట్టి తాగారు.

"జ్వరం రాదుగా?" అన్నారు మూతి తుడుచుకుంటూ.

"వత్తే మా నేస్తం ఉన్నాడు బాబూ" అన్నాడు పరదేశి.

ఆ మాట తేలిగ్గానే అన్నాడు గాని, ఎనిమిదో దింపు దాటాక పంచె మడతను ఒళ్లోకి తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

తొమ్మిదో దింపు దగ్గర భుజమెత్తు బండ ఒకటి ఉంది. పైభాగం కావిళ్లు ఆనించి ఆనించి నున్నగా అరిగింది. చుట్టుపక్కల మనిషి లేడు. పరదేశి జీపు దిగి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేక వేశాడు.

"నేస్తమో...!"

పైన వాలులో అల్లం తవ్వుతున్న ముగ్గురు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ముగ్గురూ "ఓ!" అన్నారు. ముగ్గురిలో ఒక్కడూ అతని నేస్తం కాదు. మళ్లీ కేక వేశాడు. ఈసారి దూరంనుంచి ఇంకెవడో పలికాడు, వాడూ కాదు. ఎడం చేతి వైపు బాటలో నాలుగడుగులు వేసి, ఏటవాలుకు మోకాళ్లు పట్టేసి, వెనక్కి వచ్చాడు. గణపతిరావు గారు హారను కొట్టడం మొదలుపెట్టారు. బంగళా వాచ్‌మన్‌కు మూడింటికి వస్తామని చెప్పి ఉంది.

పరదేశి బండ మీద కావిడి బద్దను అడ్డంగా పెట్టి, పక్కన కూర్చున్నాడు. "ఎలిపోండి బాబూ. రేపు దిగీటప్పుడు ఎక్కించుకోండి."

"చలికి చచ్చిపోతావురా! అతనున్నాడో లేడో!"

"ఉంటే బద్ద సూత్తాడు" అన్నాడు.

పాడేరులో ఏం చూశానని అడిగితే నేను చెప్పలేను. గణపతిరావు గారు కొండల ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు పదకొండు. అదొక్కటే గుర్తు.

మర్నాడు దిగుతూ తొమ్మిదో దింపు మలుపు తిరిగేసరికి, బండ పక్కన ఇద్దరు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకరి పక్కన ఒకరు, రోడ్డు వైపు చూస్తూ, ఒకే చుట్టను అటూ ఇటూ మార్చుకుంటూ. రెండో ఆయన ఒంటి మీద పరదేశి తెచ్చిన కొత్త పంచె. ముందురోజు సాయంత్రం పోడు నుంచి దిగుతూ ఆయన బద్ద చూశాడట. ముందు బద్దను తడిమి, తర్వాత మనిషిని చూశాడని పరదేశి తర్వాత మురిసిపోతూ చెప్పాడు.

గణపతిరావు గారు కెమెరా తీసి, "కాస్త పక్కకు జరగండర్రా, కొండ కనబడటం నేదు" అన్నారు. ఇద్దరూ జరిగారు.

నేను కాగితం, పెన్సిలు తీసి పరదేశి నేస్తం దగ్గరకు వెళ్లాను. ఇక మీద ఉత్తరాలు రాస్తానని, పేరు చెప్పమని అడిగాను. ఆయన నా వైపు కాదు, పరదేశి వైపు చూశాడు. పరదేశి బండ పట్టుకుని లేచాడు. రెండు చేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకుని, కుంటుకుంటూ జీపు దాకా వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అప్పుడు ఆయన నా చెవి దగ్గరికి వంగి తన పేరు, ఆ నాలుగిళ్ల ఊరి పేరు చెప్పాడు. పన్నెండు టిక్కుల పక్కన రాసుకున్నాను.

ఈ రెండేళ్లలో నాలుగు ఉత్తరాలు రాశాను. పరదేశి చెబుతాడు, నేను రాస్తాను. కవరు మీద అడ్రసు రాసే సమయానికి లేచి బయటికి పోతాడు. దారిలో ఎవరూ పైకి చదవకుండా, పోస్టు డబ్బా దాకా కవరును నేనే బోర్లించి పట్టుకెళ్తాను. అక్కడ కొండ మీద బడి పంతులు నేస్తానికి చదివి వినిపిస్తాడట. జవాబులు నా పేరున వస్తాయి.

ఆ పేరు ఇక్కడ రాయలేదు. ఇది అచ్చయితే ఎవరో ఒకరు పరదేశికి చదివి వినిపించకుండా ఉండరు.