హ్యాండిల్ లేని బోరింగు రీడింగు

ఇప్పటికి గుడ తలుసుకుంటే ఒళ్లు మండుతది. మిర్యాలగూడల మేం డిగ్రీ సదివిన కాలేజీల కెమిస్ట్రీ ప్రాక్టికల్ అంటే బ్యూరెట్‌ల ఏమొచ్చిందో రాసుడు గాదు, ఏం రావాల్నో రాసుడు. పరీక్ష నాడు అటెండరే పక్కకొచ్చి "పద్దెనిమిది పాయింట్ రెండు" అని చెవుల ఊది పోయెటోడు. మా మేడమేమో "రీడింగులన్నీ ఒక్కతీరుంటేనే మార్కులు పడతయ్" అనేది. కంచె చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలె? మూడేండ్లు గదే నేర్చుకున్నం. థూ!

తొంభైల మొదట్ల, మా ఫైనలియర్ల, ఒక పెద్దసారు దిగిండు. హైదరాబాద్‌ల మందుల ఫ్యాక్టరీ ల్యాబుల ముప్పై ఏండ్లు పనిచేసి, రిటైరై సొంతూరు కోదాడకొచ్చినాయన. "జీతం వద్దు, ఇద్దరు పిల్లల్నివ్వండి, రీసెర్చ్ చేయిస్తా" అని మా ప్రిన్సిపాల్‌నడిగిండంట. ఆ ఇద్దరిల ఒకరు నేను, ఇంకొకరు హాలియా దిక్కు తండా నుంచొచ్చే పిల్ల, నా దోస్తు. వాళ్ల తండాల పిల్లలవి పచ్చగ గారపట్టిన పండ్లు, పెద్దోళ్లకు నడుములు వంగినయ్. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉందని అందరికెరుకే. కాని ఎంతుందో కాగితం మీద సూపియ్యనిదే ఆఫీసోళ్లు కదలరు. ఆ కాగితం మేం తయారుచెయ్యాలె. నా దోస్తు పెట్టుకున్న ఆశంత ఆ కాగితం మీదనే.

ఆరు బోరింగులు, రెండు నెలలు. ఒక ఆదివారం నా దోస్తు, ఒక ఆదివారం నేను పోయి క్యాన్లల్ల నీళ్లు కొట్టుకొచ్చి, ల్యాబుల ఫ్లోరైడ్ ఎంతుందో సూసెటోళ్లం. నా వంతు వచ్చిన ఒక ఆదివారం మా మేనత్తింట్ల దావత్ వడ్డది. కొత్తగ ఏమొస్తది లే అనుకొని, ముందటి రీడింగులు సూసుకుంట వాటి నడుమ నడుమ అంకెలు రాసి పడేసిన.

పేపరు తయారైంది. సంతకం పెట్టే ముందు సారు ఒక్కడే బస్సెక్కి తండాకు పోయిండు. మర్నాడు ల్యాబుల నన్ను పిలిచి, ఆ దావత్ ఆదివారం రీడింగు మీద వేలు పెట్టిండు. గొంతుల కోపం లేదు, గదే నాకెక్కువ భయమైంది.

"ఆ వారమంతా చివరి బోరింగుకు హ్యాండిలే లేదంటమ్మా. రిపేరుకని విప్పుకుపోయారంట. నువ్వు నీళ్లెట్లా కొట్టావు?"

"దావత్‌కు పోయిన సార్" అన్న.

పక్కనున్న మేడం అందుకుంది. "ఒక్క వారమే గదా సార్, తీసేసి పంపుదాం."

"మిగతా వారాలు నిజమని నేనెట్లా సంతకం పెట్టనండీ?" అన్నడు సారు. నేను తెచ్చినవన్నీ కొట్టేసిండు. సగం పేపరు పాయె. సగం పేపరు పట్టుకపోతే ఏ ఆఫీసరు నమ్ముతడు? అప్పటికే పరీక్షలు నెత్తి మీదికొచ్చినయ్.

ముసలాయనకు పనేం లేదు, సీఐడీ తీరు తిరుగుతుండని తిట్టుకున్న. మేడంను తిట్టుకున్న, అటెండర్ను తిట్టుకున్న. వాళ్లు నేర్పిండ్రు, నిజమే. మరి ఆ ఆదివారం పెన్ను పట్టింది ఎవరు? నా వేలుతోని నా దోస్తు కన్ను పొడిచిన. ఛీ, నా బతుకు!

పరీక్షలైనంక, మండే ఎండల, సారు, నా దోస్తు కలిసి మొదటి బోరింగు కాడి నుంచి మళ్లీ మొదలువెట్టిండ్రని తెలిసింది. ఒక క్యాను పట్టుకొని బస్టాండుకు ఉరికిన. అది బస్సెక్కబోతుంది.

"నేను గుడ వస్తనే. ఉత్తగ క్యాన్లు మోస్త. రాసేది నువ్వే రాయి" అన్న.

అది నా మొఖం దిక్కు సూడలే.

"మా తమ్మునికి పాలపండ్లు ఊడి కొత్తయి వస్తున్నయ్. అవి గుడ గారపట్టే వస్తున్నయ్" అన్నది. "నువ్వు రాకు. నువ్వొస్తే సారు మళ్లీ అన్ని బోరింగులు తిరిగి సూడాలె."

బస్సు పోయింది. నేను ఎక్కలే.