యాసిడ్‌లో మునిగిన సముద్రపు గుల్ల

సోమవారం ఉదయం ఒక గుల్లను కాలేజీలో తిరిగి అప్పగించాలి. అందుకే మన తెలుగు సంఘం గోడపత్రికలో దీన్ని ఈ సాయంత్రమే అంటిస్తున్నాను.

అది సముద్రంలో బాగా లోతున బతికే నత్త గుల్ల. దాని మీద గోధుమరంగు కొండలు వరుసగా గీసినట్టు ఉంటాయి. బొమ్మ వేసుకోమని మా జువాలజీ మేడమ్ నన్ను నమ్మి ఇచ్చారు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే.

మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి మా నాన్న బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను మగ్గులో పోసి, అందులోకి ఆ గుల్లను దించుతున్నాడు. కార్ఖానాలో ఆయన పని రేకుల తుప్పును యాసిడ్‌తో వదలగొట్టడం. మగ్గులో బుస్సుమని నురగ లేచింది.

"నాన్నా, మత్ డాలో!" అని హిందీలోనే అరిచాను, వెయ్యొద్దని.

"ఏటే ఆ అరుపు? తుప్పట్టిన రేకే మెరిసిపోతాది, దీనికేటి?"

"అది ఇనుము కాదు నాన్నా, సున్నం! కరిగిపోతాది!"

నాన్న ఉత్త చేత్తోనే గుల్లను బయటికి లాగేశాడు. ఆ చేతిని కొళాయి కిందికి తోశాను. గుల్ల ఒకవైపు కొండలన్నీ చెరిగిపోయి తెల్లబడింది. వేళ్లు మండుతున్నా నాన్న దాన్నే చూస్తూ, "నీ సదువుకేటైనా అవుతాదేటమ్మా?" అన్నాడు.

మేడమ్‌కి జరిగింది జరిగినట్టే చెబుతాను. విశాఖ వైపు పడవల్లో సముద్రం మీద వేటకెళ్లే మీ చుట్టాలు ఎవరైనా ఇలాంటి గుల్ల పంపి ఉంటే, ఆదివారం సాయంత్రంలోగా ఈ కాగితం కింద రాయండి. మెరుపు తెప్పించే చిట్కాలు మాత్రం వద్దు. మా నాన్న ఈ పత్రిక మొత్తం నాచేత చదివించుకుంటాడు.