అద్దాల్లో లేత్

లాక్‌డౌన్‌లో మా కాలేజీ వర్క్‌షాపుకు తాళం పడింది. ఇనుప కడ్డీని తిప్పి చెక్కే అసలైన లేత్ మిషను ముందు నిలబడాలని నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను. లేత్‌కు బదులు కాలేజీ వాళ్లు అట్ట కళ్లద్దాలు పంపారు. అందులో ఫోన్ పెట్టి కళ్లకు కట్టుకుంటే ఎదురుగా వర్క్‌షాపు, లేత్, పక్కన పనిముట్ల బల్ల. రిమోట్ లాంటిది పట్టుకుని చెయ్యి చాపితే అద్దాల్లోని చెయ్యీ కదిలేది. మేం మగ్గాల పనికి వలసొచ్చి ఉంటున్న ఉన్ అనే పేటలో, మా ఒంటిగదిలో, పొయ్యికీ మంచానికీ మధ్య నిలబడి ఇనుము చెక్కేదాన్ని. చేతికి బరువు తెలియదు, నూనె వాసన రాదు. ఉత్తి గాలిని తిప్పుతున్నానని ఏడుపొచ్చేది.

మొదటి పాఠంలోనే తప్పు చేశాను. తిరుగుతున్న కడ్డీ మీంచి సన్నటి ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా ఊడి వస్తోంది. మాది మరమగ్గాల ఇల్లు. పోగు వేలాడుతుంటే చూస్తూ ఊరుకోవడం మా వంశంలోనే లేదు. చెయ్యి చాపి లాగేశాను. తెరంతా ఎర్రబడింది. 'ప్రమాదం. మీ చెయ్యి పోయింది. మళ్లీ మొదలుపెట్టండి' అని హిందీలో వచ్చింది.

మగ్గాలు బందై ఇంట్లోనే ఉన్న బాపు తనకూ చూపించమన్నాడు. ఆయనా అచ్చం అదే చేశాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. అద్దాలు తీసి నా చేతులు తిప్పి తిప్పి చూశాడు.

"గిది నిజం మిషనైతే ఏమైతుండె బిడ్డా?"

"నిజం మిషనైతే పని నేర్చుకుంటుంటి బాపూ. గిట్ల గాలిల తిప్పితే ఏమొస్తది?"

పరీక్ష కూడా ఆ అద్దాల్లోనే జరిగింది. మార్కులు బాగానే వచ్చాయి, ఒడ్డున కూర్చుని ఈత నేర్చినదానికి వచ్చినట్టు. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గేసేది. నా బెంగ చూడలేక, మగ్గాలు మళ్లీ నడవడం మొదలయ్యాక ఒక సెలవు రోజు బాపు నన్ను ఊరవతల ఉన్న కడోదరా తీసుకెళ్లాడు. అక్కడ మగ్గాల ఇరుసులు చెక్కే చిన్న షెడ్డు ఉంది, అక్కడ లేత్ నడిపే మిస్త్రీ ఆయనకు తెలిసినవాడే. మాస్కు దాటుకుని నూనె వాసన లోపలికి వచ్చింది. నేను నేరుగా లేత్ దగ్గరికి నడిచాను.

మిస్త్రీ లేత్ నడిపిస్తూనే పక్కకు జరిగి, వచ్చి ఉలిని జరిపే చేతి చక్రం తిప్పమని నన్ను హిందీలో పిలిచాడు. చెయ్యి చాపాను. బాపు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇడువు బాపూ. చక్రమే పట్టుకుంట. పొట్టు దిక్కు పోను."

"జర దూరం నుంచి చూడు బిడ్డా. సాలు."

అంత దూరం తీసుకొచ్చింది తనే. మిస్త్రీ నచ్చజెప్పాడు, నేను బతిమాలాను, చెయ్యి గుంజుకున్నాను కూడా. నాకు జానెడు దూరంలో లేత్ తిరుగుతూనే ఉంది. బాపు వదల్లేదు.